చిన్న విమానం కొన్నారా? ఎఫ్‌ఏఏ అయ్యాక రాష్ట్రంలో చేయాల్సినవి, కట్టాల్సినవి

అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, ఓ రెండేళ్లు అద్దె విమానాలు నడిపి, ఆ తర్వాత ముగ్గురు నలుగురు కలిసి పాత సెస్నా 172 ఒకటి కొనుక్కోవడం ఈమధ్య మన తెలుగువాళ్లలో బాగానే కనిపిస్తోంది. కొన్న పది రోజులకి నాకు వచ్చే ఫోన్ మాత్రం ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఎఫ్‌ఏఏకి 5 డాలర్లు కట్టి రిజిస్ట్రేషన్ పెట్టేశాం, ఇంక రాష్ట్రానికి కూడా ఏమైనా కట్టాలా?" (ఎఫ్‌ఏఏ అంటే విమానాల వ్యవహారాలు చూసే అమెరికా ఫెడరల్ సంస్థ.) అడిగిన ప్రతివాళ్లకీ అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

కట్టాలి. ఎంత, ఎవరికి అనేది మీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఏటా రిజిస్ట్రేషన్ ఉంటుంది, కొన్నిచోట్ల అది లేకపోయినా కౌంటీవాళ్లు ఆస్తి పన్ను వేస్తారు, దాదాపు అన్నిచోట్లా కొన్నప్పుడు ఒకసారి సేల్స్ ట్యాక్సో యూజ్ ట్యాక్సో (అమ్మకం పన్ను కట్టకుండా కొన్నదాని మీద, దాన్ని వాడే రాష్ట్రం వేసే పన్ను) ఉంటుంది. ఇది నేను నేర్చుకున్నది దెబ్బ తినే. మొదటి విమానం ఒరెగాన్‌లో కొన్నాను, అక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు, బేరం కలిసొచ్చిందని సంబరపడుతూ వాషింగ్టన్ రాష్ట్రానికి నడుపుకుంటూ వచ్చేశాను. తొమ్మిది నెలలకి ఒక కవరు వచ్చింది. యూజ్ ట్యాక్స్, దాని మీద పెనాల్టీ, దాని మీద వడ్డీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ మీకు వద్దు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

బిల్ ఆఫ్ సేల్ అంటే అమ్మకపు పత్రం కాపీ (ఎఫ్‌ఏఏ ఫారం ఏసీ 8050-2), రిజిస్ట్రేషన్ దరఖాస్తు కాపీ (ఏసీ 8050-1), డబ్బు పంపినట్టు బ్యాంకు రుజువు, ఇన్సూరెన్స్ డిక్లరేషన్ పేజీ, హ్యాంగర్ (విమానం షెడ్డు) లేదా టై-డౌన్ (ఆరుబయట విమానాన్ని కట్టి ఉంచే చోటు) అగ్రిమెంట్, విమానం తయారైన సంవత్సరం, సీరియల్ నంబర్, గరిష్ఠ టేకాఫ్ బరువు, సీట్ల సంఖ్య. సీరియల్ నంబర్ ఫారాలకి కావాలి, బరువు, సీట్ల లాంటివి ఎందుకంటే ఒక్కో రాష్ట్రం ఒక్కోదాని మీద ఫీజు లెక్కేస్తుంది. ఇంకోటి, విమానం ఏ రోజు ఏ ఎయిర్‌పోర్టులో ఉందో చూపించే రికార్డు. లాగ్‌బుక్, పెట్రోలు రసీదులు, టై-డౌన్ బిల్లులు అన్నీ దాచండి. ఇవి ఎందుకో నాలుగో అడుగులో తెలుస్తుంది.

1. పేరు ఎవరి మీద పెట్టాలో ముందే తేల్చుకోండి

మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. విమానాన్ని సొంత పేరు మీద ఎన్-నంబర్‌తో (అమెరికా విమానాలకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) రిజిస్టర్ చేయాలంటే అమెరికా పౌరులైనా అయి ఉండాలి, గ్రీన్ కార్డ్ అయినా ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి కుదరదు. ముగ్గురు కలిసి కొంటూ అందులో ఒక్కరు హెచ్-1బీ అయినా సహ యజమానులుగా పెట్టిన దరఖాస్తు మొత్తం తిరిగొస్తుంది.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. దరఖాస్తులో రిజిస్ట్రేషన్ రకం అని గళ్లు ఉంటాయి. "మేం పార్ట్‌నర్లమే కదా" అనుకుని పార్ట్‌నర్‌షిప్ గడిలో టిక్కు పెట్టేస్తారు. చట్టం ప్రకారం పార్ట్‌నర్‌షిప్ అంటే అందులో ప్రతి ఒక్కరూ అమెరికా పౌరులై ఉండాలి. మీరు పెట్టాల్సింది కో-ఓనర్ గడిలో. సిటిజన్ కార్పొరేషన్ అనిపించుకోవాలంటే అధ్యక్షుడు పౌరుడై ఉండాలి, డైరెక్టర్లలో మూడింట రెండొంతుల మంది పౌరులు కావాలి, ఓటు హక్కున్న వాటాలో 75 శాతం పౌరుల చేతిలో ఉండాలి. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టుకున్నా ఇదే తరహాలో చూస్తారు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు నిరాశ పడక్కర్లేదు. లైసెన్స్ తీసుకోవచ్చు, అద్దె విమానం నడపొచ్చు, ఫ్లయింగ్ క్లబ్‌లో చేరొచ్చు. ట్రస్టు పెట్టి కొనే దారి ఉంది కానీ, ఓ చిన్న సెస్నా కోసం ఆ ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా క్లబ్బే మేలు.

2. ఎఫ్‌ఏఏ పని తప్పుల్లేకుండా ముగించండి

రాష్ట్రం వాళ్లు చూసేది ఎఫ్‌ఏఏ రికార్డునే కాబట్టి అక్కడ అక్షరం తప్పు పడితే ఇక్కడా పడుతుంది. కాగితాలు వెళ్లేది ఓక్లహోమా సిటీలోని రిజిస్ట్రీకి, ఫీజు 5 డాలర్లు. 2023 జనవరి నుంచి రిజిస్ట్రేషన్ 7 ఏళ్లకి ఇస్తున్నారు, అంతకుముందు 3 ఏళ్లే ఉండేది.

రెండు విషయాలు జాగ్రత్త. ఒకటి, పేరు. మన ఇంటిపేర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డ్రైవింగ్ లైసెన్సులో ఒక పొడి అక్షరం, కొందరికైతే వీసా మీద ముందు ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని). బిల్ ఆఫ్ సేల్‌లో కొనేవాళ్ల పేరు ఎలా ఉందో దరఖాస్తులోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి, సంతకం కింద పేరు అచ్చులో రాయాలి, సహ యజమానులందరూ సంతకం పెట్టాలి. అమ్మేవాళ్లు బిల్ రాసేటప్పుడే పక్కన కూర్చుని చూసుకోండి.

రెండోది, సీరియల్ నంబర్. ప్రకటనలో ఉన్నది చూసి రాయొద్దు. విమానం దగ్గరికి వెళ్లి డేటా ప్లేట్ (తయారీ వివరాలున్న రేకు) చూడండి. మా 172కి అది ఎడమ తలుపు తీయగానే తలుపు స్తంభం మీద రెండు రివెట్లతో బిగించి ఉంటుంది, యాభై ఏళ్ల మట్టి పట్టి అంకెలు సగం కనపడవు. తడిగుడ్డతో తుడిచి ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటో చూస్తూ ఫారం నింపండి. అంతకుముందు మేం చేత్తో రాసుకున్న కాగితంలో 8 కాస్తా 3 అయింది, దాన్ని సరిచేయించడానికి రెండు నెలలు పట్టింది.

దరఖాస్తు పంపాక దాని రెండో కాపీ విమానంలో పెట్టుకుంటే అసలు కార్డు వచ్చేదాకా అమెరికా లోపల ఎగరొచ్చు. కెనడా వెళ్లడానికి ఆ కాగితం చాలదు. సియాటిల్ వాళ్లు శనివారం విక్టోరియాకని బయల్దేరే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

3. మీ రాష్ట్రం ఏ రకమో తెలుసుకోండి

ఇక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి.

వాషింగ్టన్‌లో రాష్ట్ర రవాణా శాఖ ఏవియేషన్ విభాగం దగ్గర ప్రతి క్యాలెండర్ సంవత్సరానికీ రిజిస్టర్ చేయాలి. రిజిస్ట్రేషన్‌కి 15 డాలర్లు, దానితోపాటు ఎక్సైజ్ ట్యాక్స్. సింగిల్ ఇంజన్ విమానానికి 50, చిన్న మల్టీ ఇంజన్‌కి 65, హెలికాప్టర్‌కి 75, సొంతంగా తయారుచేసుకున్న దానికి 20. అంటే 172కి ఏడాదికి మొత్తం 65 డాలర్లు. ఈ ఎక్సైజ్ కడుతున్నారు కాబట్టి సొంతానికి వాడుకునే విమానం మీద విడిగా ఆస్తి పన్ను ఉండదు.

మిన్నెసోటాలో ఫీజు విమానం కొత్తగా ఉన్నప్పటి లిస్టు ధరని బట్టి. మీరు ఎంతకి కొన్నారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఇన్సూరెన్స్ రుజువు కూడా అడుగుతారు: ఒక్కో ప్యాసింజర్ సీటుకి లక్ష డాలర్లు, విమానంలో లేనివాళ్లకి జరిగే హానికి ఒక ప్రమాదానికి 3 లక్షల డాలర్లు తగ్గకుండా పాలసీ ఉండాలి. మిషిగన్‌లో బరువు లెక్క, పౌనుకి ఒక సెంటు, అంటే మన 172కి పాతిక డాలర్లకి అటూ ఇటూ. ఒహాయోలో సీట్ల లెక్క. మసాచుసెట్స్‌లో విమానం కొంటే సేల్స్ ట్యాక్స్ లేదు, 2002లోనే తీసేశారు, అయినా ఏటా రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. కనెక్టికట్‌లో అయితే రాష్ట్ర రాజధానికి కాకుండా విమానం ఉండే ఊరి మున్సిపాలిటీకి వెళ్లి రిజిస్టర్ చేసుకోవాలి, మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు.

వర్జీనియాలో దాన్ని ఎయిర్‌క్రాఫ్ట్ లైసెన్స్ అంటారు, రాష్ట్ర ఏవియేషన్ శాఖ ఇస్తుంది. కొన్నప్పుడు ధర మీద 2 శాతం పన్ను. పైగా కౌంటీవాళ్ల పర్సనల్ ప్రాపర్టీ ట్యాక్స్. యాష్‌బర్న్ చుట్టుపక్కల ఉండి లీస్‌బర్గ్‌లోనో మనాసస్‌లోనో విమానం పెట్టుకునేవాళ్లు ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి.

కాలిఫోర్నియా, జార్జియా, టెక్సస్‌లలో రాష్ట్ర రిజిస్ట్రేషన్ అనేదే లేదు. అది విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, అక్కడే పొరపాటు. కాలిఫోర్నియాలో జనవరి 1న విమానం ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీ అసెసర్ (పన్ను విలువ కట్టే అధికారి) ఏటా ఆస్తి పన్ను వేస్తారు, రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టులో పెట్టుకున్నా హేవర్డ్‌లో పెట్టుకున్నా అంతే. జార్జియాలోనూ జనవరి 1 లెక్కే, పీటీ-50ఏ అనే రిటర్ను ఏప్రిల్ 1 లోపు కౌంటీకి ఇవ్వాలి. టెక్సస్‌లో కొన్నప్పుడు రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, దాని మీద స్థానిక పన్ను.

మీ రాష్ట్రం పేరు ఇక్కడ లేకపోతే రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లో ఏరోనాటిక్స్ లేదా ఏవియేషన్ అన్న పేజీ, రెవెన్యూ శాఖ సైట్‌లో ఎయిర్‌క్రాఫ్ట్ పేజీ, ఈ రెండూ చూడండి. ఒకటి చూసి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. ఫీజులు మారుతుంటాయి కాబట్టి నేను చెప్పిన అంకెల్ని కూడా కట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి.

4. విమానం రాత్రి ఎక్కడ పడుకుంటుందో, అదే దాని రాష్ట్రం

ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. మీ ఇల్లు ఎక్కడ, ఎల్‌ఎల్‌సీ ఎక్కడ, కొన్నది ఎక్కడ అనేవాటికంటే విమానం ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటుందనేదే ముఖ్యం. మిన్నెసోటా, వర్జీనియాల్లో హద్దు 60 రోజులు, విమానం అంతకు మించి ఉంటే అక్కడి లెక్కలోకి వస్తుంది. వాషింగ్టన్‌లో, వేరే రాష్ట్రంలో రిజిస్టరై వేరే రాష్ట్రం వాళ్లదైన విమానానికి మినహాయింపు ఉంది, అదీ 90 రోజుల లోపే. వేసవిలో రెండు మూడు నెలలు వేరే రాష్ట్రంలో విమానం పెట్టే ఆలోచన ఉంటే రోజులు లెక్కపెట్టుకోండి, పైన దాచమన్న రసీదులు ఇందుకే.

"డెలావేర్‌లోనో మోంటానాలోనో ఎల్‌ఎల్‌సీ పెట్టి దాని పేరు మీద కొంటే పన్ను ఉండదట కదా" అని అడుగుతారు. కాగితం డెలావేర్‌ది, విమానం మాత్రం రోజూ వాషింగ్టన్ రాష్ట్రంలోని రెంటన్‌లోనే కట్టేసి ఉంటుంది. యూజ్ ట్యాక్స్ వాడే చోట పడుతుంది కాబట్టి అది మీదే బాధ్యత. ఎల్‌ఎల్‌సీ పెట్టడానికి వేరే కారణాలు ఉండొచ్చు, వాటా పంపకాలు సులభమవడం లాంటివి, పన్ను తప్పించుకోవడానికి మాత్రం పెట్టొద్దు.

5. యూజ్ ట్యాక్స్ లెక్కేసి, అడగకముందే కట్టండి

అసలు డబ్బంతా ఇక్కడే ఉంది. 90,000 డాలర్ల విమానం అనుకోండి. వాషింగ్టన్‌లో రాష్ట్ర రేటు 6.5 శాతం, స్థానిక పన్ను కలిపితే కింగ్ కౌంటీలో చాలాచోట్ల 10 శాతం దాటుతుంది. అంటే 9,000 డాలర్ల పైమాటే. ఏటా కట్టే 65 డాలర్ల గురించి పది ఫోన్లు చేసేవాళ్లు ఈ తొమ్మిది వేల సంగతి ఒక్కసారీ అడగరు. విమానం బడ్జెట్ వేసుకునేటప్పుడే దీన్ని ధరలో కలిపేసుకోండి, కొన్నాక వెతుక్కుంటే ఇంట్లో గొడవలు.

కొన్నచోట ఇప్పటికే సేల్స్ ట్యాక్స్ కట్టి ఉంటే రసీదు తీసుకోండి. ఆ మేరకు చాలా రాష్ట్రాలు తగ్గిస్తాయి, తేడా ఉంటే అదే కట్టాలి. రసీదు లేకపోతే తగ్గింపూ లేదు. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొన్నా సరే కట్టాల్సిన రాష్ట్రాలు చాలా ఉన్నాయి, డీలర్ దగ్గర కొనలేదు కదా అని వదిలేయకండి.

బిల్ ఆఫ్ సేల్‌లో ధర "ఒక డాలరు, ఇతరత్రా" అని రాయడం పాత అలవాటు, ఎఫ్‌ఏఏకి అది సరిపోతుంది. రెవెన్యూ శాఖకి చాలదు. అసలు ధర ఉన్న కొనుగోలు ఒప్పందం, బ్యాంకు రుజువు జత చేయండి. ధర తగ్గించి చూపించే ఆలోచన చేయొద్దు, ఆ సంవత్సరం 172 మార్కెట్లో ఎంత పలుకుతుందో వాళ్ల దగ్గర పుస్తకాలు ఉంటాయి.

6. రాష్ట్ర రిజిస్ట్రేషన్ పెట్టండి

పన్ను కట్టిన రుజువు చేతిలో పెట్టుకునే ఇది మొదలుపెట్టండి, చాలా చోట్ల అదే ముందు అడుగుతారు. వాషింగ్టన్‌లో పన్ను సంగతి తేలందే రిజిస్ట్రేషన్ ముందుకి కదలదు, వర్జీనియాలో కూడా 2 శాతం కట్టాకే లైసెన్స్. ఫారంలో ఎన్-నంబర్, తయారీ, మోడల్, సీరియల్, విమానం ఉండే ఎయిర్‌పోర్టు, కొన్న తేదీ అడుగుతారు. కొన్న తేదీ అంటే బిల్ ఆఫ్ సేల్ మీద ఉన్న తేదీ, ఎఫ్‌ఏఏ కార్డు వచ్చిన తేదీ వేయకండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక ఒక కాపీ ఎయిర్‌పోర్టు ఆఫీసుకి ఇవ్వండి. వాషింగ్టన్‌లో హ్యాంగరో టై-డౌనో ఇచ్చేముందు ఎయిర్‌పోర్టు వాళ్లు రిజిస్ట్రేషన్ రుజువు అడగాలని చట్టంలోనే ఉంది. హ్యాంగర్ కోసం మూడేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండి, పిలుపు వచ్చిన రోజు ఈ కాగితం లేక ఇబ్బంది పడినవాళ్లని చూశాను.

7. పైలట్‌గా మీ కాగితాలు

లైసెన్స్ పూర్తిగా ఫెడరల్ వ్యవహారం, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారితే డ్రైవింగ్ లైసెన్సులా కొత్తది తీసుకోవాల్సిన పని లేదు. కానీ ఒరెగాన్ లాంటి చోట పైలట్లు కూడా రాష్ట్ర ఏవియేషన్ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఫీజు చిన్నదే, ఆ డబ్బు తప్పిపోయిన విమానాలని వెతికే పనులకి వెళుతుంది. నేనైతే మనస్ఫూర్తిగా కడతాను, క్యాస్కేడ్ కొండల మీద ఒక్కసారి మబ్బుల్లో ఇరుక్కుంటే మీకూ అలాగే అనిపిస్తుంది.

ఇల్లు మారితే 30 రోజుల్లో ఎఫ్‌ఏఏకి చిరునామా చెప్పాలి. ఇది రెండు వేర్వేరు చోట్ల, పైలట్ రికార్డులో ఒకసారి, విమానం రిజిస్ట్రీలో ఒకసారి. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. పైలట్ రికార్డులో చిరునామా మార్చకుండా ఆ 30 రోజులు దాటితే పైలట్‌గా ఎగిరే హక్కు ఆగిపోతుంది, మార్చేదాకా.

హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోయి అమెరికా చిరునామా లేనివాళ్లకి 2025లో కొత్త నిబంధన వచ్చింది. ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉండి విదేశీ చిరునామా మాత్రమే ఉంటే, నోటీసులు అందుకోవడానికి అమెరికాలో ఒక ఏజెంటుని చూపించాలి. అక్కడున్న తమ్ముడినో స్నేహితుడినో అడిగి పెట్టుకోవచ్చు, ఒక్కటే షరతు, వచ్చిన ఉత్తరం చూడకుండా పక్కన పడేసే మనిషి కాకూడదు.

శిక్షణ మొదలుపెట్టబోయే పౌరులు కానివాళ్లు, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, ముందు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) భద్రతా తనిఖీ పూర్తి చేయాలి. దానికి విడిగా ఫీజు ఉంటుంది.

పదేపదే చూస్తున్న తప్పులు

రిజిస్ట్రేషన్ రెన్యువల్ అంటూ అచ్చం సర్కారు ఉత్తరంలా కనిపించే కాగితాలు వస్తాయి, వందల డాలర్లు అడుగుతారు. ఎఫ్‌ఏఏ ఫీజు 5 డాలర్లని గుర్తుంటే మోసపోరు. గడువుకి ముందు ఆరు నెలల్లో మీరే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

సహ యజమానుల్లో "వాడు కట్టుంటాడులే" అని ఒకరి మీద ఒకరు వదిలేయడం. మా గుంపులో ఇప్పుడు ఒకరికే బాధ్యత ఇచ్చాం, జనవరి మొదటి వారంలో రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టాలి. పెట్టకపోతే మిగతావాళ్లు ఫోన్ చేస్తారు.

విమానం అమ్మేశాక రాష్ట్రానికి చెప్పకపోవడం. ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ వెనక వివరాలు రాసి పంపేసి పని అయిపోయింది అనుకుంటారు, రాష్ట్రం లెక్కలో మాత్రం మీరే యజమాని, ఏటా నోటీసు వస్తూనే ఉంటుంది. అమ్మిన వారంలోనే బిల్ ఆఫ్ సేల్ కాపీ రాష్ట్ర ఏవియేషన్ విభాగానికీ, కౌంటీ పన్ను ఉంటే అసెసర్‌కీ పంపండి. కాలిఫోర్నియా, జార్జియాల్లో డిసెంబరులో అమ్ముతుంటే జనవరి 1కి ముందే అన్నీ ముగిసేలా చూసుకోండి, లేకపోతే అమ్మేసిన విమానానికి ఏడాది పన్ను మీ మీద పడుతుంది.

విమానం పాడై షెడ్డులో పడి ఉంది కదా అని ఏమీ కట్టకుండా ఊరుకోవడం. ఎగరకపోయినా మీ రాష్ట్రంలో ఉన్నంతకాలం పన్ను పడే చోట్లు ఉన్నాయి. ముందుగా ఉత్తరం రాసి అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

అంతా సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ సైట్‌లో మీ ఎన్-నంబర్ కొట్టండి. పేరు, చిరునామా, సీరియల్, గడువు తేదీ, స్టేటస్ దగ్గర వ్యాలిడ్ అని ఉండటం, ఈ అయిదూ మీ చేతిలోని కార్డుతో పోల్చండి. మీరు 2023కి ముందు కొని ఉంటే కార్డు మీద పాత మూడేళ్ల తేదీ ఉండొచ్చు, సైట్‌లో ఉన్నదే సరైన గడువు.

ఈ రిజిస్ట్రీని ఎవరైనా చూడొచ్చు. రాష్ట్రాల పన్ను శాఖలు కొత్త యజమానుల పేర్లు పట్టుకునేది దీన్నుంచే, నాకు కవరు వచ్చిందీ అలాగే. కాబట్టి వాళ్ల నుంచి ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా, పన్ను రసీదు మీద ఎన్-నంబర్ సరిగ్గా పడిందా, రాష్ట్ర రిజిస్ట్రేషన్ మీద ఎయిర్‌పోర్టు పేరు ఇప్పుడు విమానం ఉన్నదేనా చూడండి. అన్నిటినీ స్కాన్ చేసి సహ యజమానులందరికీ పంపండి.

ఎఫ్‌ఏఏ రిజిస్ట్రేషన్ కార్డు, ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్ (విమానం ఎగరడానికి తగినదని ఇచ్చే పత్రం) అసలువి విమానంలోనే ఉండాలి. మా దాంట్లో ఎడమ పక్కన కాళ్ల దగ్గర గోడకి ప్లాస్టిక్ కవరులో ఉంటాయి, రాష్ట్ర కాగితం కూడా అందులోనే దోపేశాం. ఎండకి ఆ ప్లాస్టిక్ కార్డుకి అతుక్కుపోయి అక్షరాలు లేచొస్తాయి, అందుకని ఏటా యాన్యువల్ ఇన్‌స్పెక్షన్‌కి ఇచ్చినప్పుడు కవరు మార్చి, తేదీలు ఇంకోసారి చూసి పెడతాం.